అసలు ఒకటి, నకళ్ళు మూడు

ఎవరో ఒక పెద్దాయన పాతకాలపు కారు ఒకటి ముచ్చటపడి కొనుక్కున్నాడు. పేరు మనకెందుకు, పెద్దాయన అంటే చాలు. కొన్న మర్నాడు దానికి నీళ్ళు కొట్టిస్తే రంగు పోయింది. రంగు కింద సొట్టలు పూడ్చిన లప్పం పోయింది. లప్పం కింద నూనె డబ్బా రేకూ, దాని మీద 'శ్రేష్ఠమైన వేరుశనగ నూనె' అనే అక్షరాలూ బయటపడ్డాయి. పెద్దాయన నొచ్చుకున్నాడు. మామూలువాళ్ళు నొచ్చుకుంటే పోలీసు స్టేషనుకి వెళతారు. పెద్దవాళ్ళు నొచ్చుకుంటే కొత్త ఆఫీసు పుడుతుంది. అలా విజయవాడలో, బందరు రోడ్డు పక్క సందులో, 'వారసత్వ వాహన వాస్తవికతా నిర్ధారణ మండలి' పుట్టింది. ఆ పేరు ఒక్క ఊపిరిలో చెప్పగలిగినవాళ్ళకే అందులో ఉద్యోగాలిచ్చారని ఆటోనగర్‌లో అనుకునేవాళ్ళు గానీ అది నిజం కాదు. ఆ పేరు ఇప్పటికీ అక్కడ ఎవరికీ పూర్తిగా నోరు తిరగదు. యాభై ఏళ్ళు దాటిన ఏ కారునైనా మండలి ధ్రువపత్రం లేకుండా అమ్మకూడదు, కొనకూడదు అని రూలు వచ్చింది.

మేడిశెట్టి సత్యలింగానికి ఈ మండలి సంగతి తెలుసు గానీ దాంతో తనకు పని పడుతుందనుకోలేదు. నలభై అయిదేళ్ళు ఆటోనగర్‌లో కార్ల సొట్టలు తీసి బతికిన మనిషి. రేకు మీద వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని, ఇది కంపెనీ రేకో బయటి రేకో చెప్పేస్తాడు. గుంటూరులో పొగాకు వ్యాపారి మనవడు చక్రవర్తి తన తాతగారి కారు అమ్ముతున్నాడని తెలిసి, ఉగాది వెళ్ళిన మూడో రోజున ఒక టార్చిలైటు, గుడ్డలో చుట్టిన అయస్కాంతం ముక్క పట్టుకుని బయల్దేరాడు.

అది అలాంటిలాంటి కారు కాదు. గ్రిఫిన్ డబుల్ ఎయిట్. అమెరికాలో పుట్టి, తాతగారి ముచ్చట కొద్దీ ఓడెక్కి మద్రాసులో దిగింది. రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్లు, పండుమిరప రంగు. స్టార్టు చేస్తే పక్కింట్లో గిన్నెలు కదులుతాయి. ఇలాంటివాటిని మజిల్ కార్లంటారు. ఆటోనగర్ వాళ్ళు కండల బండి అనేస్తారు. అసలైన డబుల్ ఎయిట్‌లు దేశం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. అయినా అమ్మకానికి మాత్రం ఎప్పుడూ పాతిక ఉంటాయి. ఆరు సిలిండర్ల మామూలు గ్రిఫిన్ దొరకబుచ్చుకుని, దాని మూతి మీద రెండు ఎనిమిదులు అతికించి అమ్మేసే ఘనులకు కొదవ లేదు మరి.

సత్యలింగం ముందు అయస్కాంతాన్ని రేకు వెంబడి నడిపించాడు. లప్పం ఉన్నచోట అది జారిపోతుంది. ఎక్కడా జారలేదు. అద్దం కింద పలక మీది చాసిస్ నంబరూ, ఇంజను మీద కొట్టిన నంబరూ, గేరుబాక్సు మీది నంబరూ ఒకదానికొకటి కలిశాయి. వెనక సీటు ఎత్తి, స్ప్రింగుల్లోకి చెయ్యి దూర్చి, ఫ్యాక్టరీలో ఏ బండికి ఏ భాగం బిగించాలో రాసుకునే, పసుపు పచ్చగా మాగిపోయిన కాగితాన్ని బయటికి తీశాడు. అదీ కలిసింది. ఆఖరికి నేలమీద పడుకుని ఎడమ ముందు చక్రం పైన మడ్‌గార్డు లోపలికి చెయ్యి పెట్టాడు. అక్కడ, ఎవరికీ కనబడనిచోట, రేకు మీద గీకిన రెండక్షరాలు వేళ్ళకు తగిలాయి. 'నాంచా'.

ఆ అక్షరాలు ఆయనే గీకాడు. నలభై రెండేళ్ళ కిందట ఈ బండి లారీకి గీరుకుని వాళ్ళ మేస్త్రి షెడ్డుకి వచ్చింది. ఆ మడ్‌గార్డు ఒక్క చెంచా లప్పం కూడా పెట్టకుండా సుత్తితోనే లేపాడు సత్యలింగం. ఒంటరిగా చేసిన మొదటి పని. అప్పటికి పెళ్ళయి పదకొండు రోజులు. పెళ్ళాం పేరు నాంచారమ్మ. పూర్తిపేరు గీకుదామనుకుంటే మేస్త్రి దగ్గు వినపడి సగంలో ఆపేశాడు. పని అయ్యాక కృష్ణ మీది బ్యారేజీ వంతెన దాటి అవతలి గట్టుదాకా తిప్పి తీసుకురమ్మన్నాడు మేస్త్రి. సత్యలింగం ఇంటిముందు ఆగి పెళ్ళాన్ని ఎక్కించుకున్నాడు. సరిగ్గా వంతెన మధ్యలో పెట్రోలు అయిపోయింది. కొత్త చీరలో ఉన్న పెళ్ళికూతురు, తిప్పిన బండిని వెనకనుంచి నెట్టుకుంటూ ఇవతలి గట్టుకి వచ్చింది. ఆ రోజునుంచి ఈ రోజు దాకా, కూర బాగోలేదన్నా, చొక్కా ఇస్త్రీ లేదన్నా, నాంచారమ్మ ఒకటే మాట అంటుంది. "సగం వంతెన తిప్పినోడివి నువ్వా నాకు చెప్పేది."

మిగతా సగం కూడా తిప్పాలని ఆయన కోరిక. జీవితంలో ఇంకో పెద్ద కోరికేమీ లేదు.

"బాబాయ్, మీకైతే సంతోషంగా ఇస్తాను," అన్నాడు చక్రవర్తి. "కాకపోతే మండలి కాగితం లేనిదే పేరు మారదంట. దసరా దాకా చూస్తాను. ఆ తర్వాత హైదరాబాదు హోటల్ వాళ్ళకి మాటిచ్చేశాను."

"హోటలోళ్ళు ఏం చేసుకుంటారు బాబూ దీన్ని?"

"ముందు సగం కోసి గోడకి తగిలిస్తారంట. తినేవాళ్ళ మీదికి దూకుతున్నట్టు ఉంటదంట. కోసుకునేదానికి ధ్రువపత్రం అక్కర్లేదంట, నడుపుకునేదానికే కావాలంట."

సత్యలింగం కారు కాగితాలన్నీ అడిగి తీసుకున్నాడు. మర్నాడే మండలికి వెళ్ళాడు.

మండలిలో సూపరింటెండెంటు పరాంకుశం గారు. నిబంధనలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. భోజనానికి లేచేటప్పుడు కూడా ఏ నిబంధన ప్రకారం లేస్తున్నారో చెప్పి లేస్తారు. సత్యలింగం దరఖాస్తు, కారు పుస్తకం, సీటు కింది కాగితం, వాటికి తలా మూడు జిరాక్సులు బల్లమీద పెట్టాడు. పరాంకుశం గారు వాటిని వేలితో కూడా తాకలేదు.

"నాలుగవ నిబంధన చదివితిరా?"

"చదివానండీ. అసలు ఒకటి, నకళ్ళు మూడు, నకళ్ళ మీద గెజిటెడ్ అధికారి సంతకం. అన్నీ తెచ్చానండీ."

"దేనికి తెచ్చితిరి?"

"కాగితాలకండీ."

"మీరు వాస్తవికత నిర్ధారించమని కోరునది కాగితములకా, కారునకా?"

"కారుకేనండీ."

"మరి నకళ్ళు దేనికి ఉండవలెను?"

సత్యలింగం బల్లమీది జిరాక్సుల వంక చూశాడు.

"కారుకి జిరాక్సు ఎట్టా తీస్తారండీ?"

"జిరాక్సు అని ఎక్కడను వ్రాయలేదు. నకలు అని వ్రాసి ఉన్నది. 'నిర్ధారణ కోరబడు వస్తువు యొక్క అసలు ఒకటి, యథాతథ నకళ్ళు మూడు సమర్పించవలెను.' ఇందులో అర్థము కానిది ఏమున్నది?"

"పోనీ మూడు ఫొటోలు ఇమ్మంటారా?"

"ఫొటోలో ఇంజను ఉండునా?"

"ఉండదండీ."

"అప్పుడది యథాతథము ఎట్లగును?"

సత్యలింగం తల గోక్కున్నాడు. ఉన్న అనుమానాల్లోకెల్లా పెద్దదాన్ని బయటపెట్టాడు. "అయ్యా, బండి నంబరు ఇంకో బండి మీద కొడితే జైల్లో పెడతారు కదండీ. మా ఆటోనగర్‌లో అందరికీ తెలిసిన సంగతే."

పరాంకుశం గారు జాలిగా చూశారు. "నకిలీ చేయుట నేరము. నకలు చేయుట నిబంధన. ఈ రెంటికీ తేడా తెలియకనే కదా దేశము ఇట్లున్నది. ఒక్క మాట. నకలు రెండు వైపులా తీయించండి. కొందరు ఒక వైపే తీయించి తెత్తురు, త్రిప్పి పంపవలసి వచ్చుచున్నది."

ఆ కొందరెవరో, ఒక వైపే ఉన్న కార్లు ఎట్లా తెచ్చారో అడుగుదామనుకున్నాడు సత్యలింగం. అప్పటికే పరాంకుశం గారు తొమ్మిదో నిబంధన ప్రకారం టీకి లేచారు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే నాంచారమ్మ చేటలో బియ్యం ఏరుతూ అంతా విన్నది.

"అంటే అసలుదని నమ్మాలంటే మూడు దొంగవి చూపించాలా?"

"దొంగవి కాదే. నకళ్ళు."

"మొత్తానికి నువ్వే చెయ్యాలిగా."

"ఇంకెవరు చేస్తారు? చక్రవర్తి బండిని షెడ్డులో ఉంచుకోమన్నాడు. దాన్ని ముందు పెట్టుకుని చెయ్యాలి. నా చేతులు ఇంకా ఆడుతున్నాయో లేదో." సత్యలింగం తన చేతులు తిప్పి చూసుకున్నాడు. అరవై అయిదేళ్ళ చేతులు, గ్లాసు పట్టుకుంటే కొంచెం వణుకుతాయి.

"సుత్తి పట్టుకుంటే ఆడతాయిలే," అంది నాంచారమ్మ, చేట పక్కన పెట్టి. "నేను చూశాగా."

ఆటోనగర్‌కి ఈ సంగతి తెలిసేసరికి జనం విరగబడి నవ్వారు. నవ్వడం అయిపోయాక చొక్కాలు విప్పి పనిలోకి దిగారు. పాత మిత్రులు ఒకడు లారీ చాసిస్ ఇచ్చాడు, ఒకడు చెడిపోయిన బస్సు ఇంజను ఇచ్చాడు, ఒకడు రేకు ఇచ్చాడు, ఇంకొకడు ఇవ్వడానికేమీ లేక రోజూ వచ్చి సలహాలిచ్చాడు. సత్యలింగం ఒక్కో రేకూ చేత్తో మలిచాడు. మొదటి వారం చేతులు వణికాయి. రెండో వారానికి సుత్తి దెబ్బ ఎక్కడ పడాలో అక్కడే పడింది. ఆయనకు చెప్పలేనంత సంతోషమేసింది. చాలా ఏళ్ళయింది అలా పనిచేసి.

కానీ యథాతథం అంటే మాటలా? అసలు బండికి వెనక బంపరు కింద వేలు పట్టేంత తుప్పు చిల్లు ఉంది. మూడు నకళ్ళకూ ఉప్పునీళ్ళు పోసి తుప్పు పట్టించాల్సి వచ్చింది. స్టీరింగు మీద వెంట్రుక వాసి చీలిక ఉంది. మూడింటికీ చీల్చారు. డిక్కీ తెరిస్తే పాత పొగాకు వాసన కొడుతుంది. గుంటూరునుంచి పొగాకు కట్టలు తెప్పించి మూడు డిక్కీల్లో నెల రోజులు మగ్గబెట్టారు. అసలుకి సొట్ట తీసిన మడ్‌గార్డు ఉంది కాబట్టి మూడు కొత్త మడ్‌గార్డులకు ముందు సొట్టలు పెట్టి, తర్వాత తీశాడు. నంబర్లు కొట్టేటప్పుడు మాత్రం సత్యలింగం చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పరాంకుశం గారి వాక్యం గుర్తు చేసుకుని కొట్టేశాడు.

అన్నీ చేశాడు గానీ ఒక్కటి చేయలేకపోయాడు. మడ్‌గార్డు లోపల 'నాంచా' అని మూడుసార్లు గీకడానికి మనసొప్పలేదు. గీకే సూది పట్టుకుని చక్రం కింద పడుకున్నాడు కూడా. "ఎవడికి కనపడుద్దిలే," అని గొణుక్కుని లేచొచ్చేశాడు.

ఆషాఢంలో మొదటి నకలును చూపించడానికి తీసుకెళితే పరాంకుశం గారు చుట్టూ ఒకసారి తిరిగి తిప్పి పంపించారు. కారణం ఎర్రసిరాతో రాసి ఇచ్చారు. 'నకలు మసకగా ఉన్నది. స్పష్టమైన నకలు సమర్పించవలెను.' రంగు ఒక్క పూత తగ్గింది, నిజమే. ఇంకో పూత వేసి తీసుకెళితే ఒప్పుకున్నారు.

ఇక గెజిటెడ్ సంతకాలు. గెజిటెడ్ అధికారులు ఎందరున్నా వెళ్ళిన వెంటనే దొరికేది పశువుల డాక్టరే. పటమట పశువైద్యశాలలో డాక్టర్ సుభాషిణి, చూడి గేదెను చూడడం పూర్తిచేసి, చేతులు కడుక్కుని బయటికొచ్చి నాలుగు ఎర్ర కార్లు వరసగా ఉండడం చూసింది.

"వీటికి ఏమైందండీ?"

సత్యలింగం మొత్తం కథ చెప్పాడు. ఆమె నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది. "చెవికి బిళ్ళ వేసేస్తే సరిపోదా?"

"పచ్చసిరా సంతకం కావాలంటమ్మా. కింద కుడి మూలన. పెయింటుతో రాస్తే చెల్లదంట, సిరాయే ఉండాలంట. పైన లక్క పూత కూడా వెయ్యకూడదంట. లామినేషన్ కిందికి వస్తదంట."

ఆమె నిక్కచ్చి మనిషి. ఊరికే సంతకం పెట్టలేదు. గంటసేపు నాలుగు బళ్ళనూ పక్కపక్కన పెట్టి చూసింది. అలవాటు కొద్దీ ఒకదాని మూతి పైకెత్తి పళ్ళు కూడా చూడబోయింది. ఆ తర్వాత పచ్చసిరా సీసాలో సన్న కుంచె ముంచి, మూడు నకళ్ళకూ బానెట్ కింది మూలన 'అసలుతో సరిచూడబడినది' అని రాసి, సంతకం చేసి, రబ్బరు ముద్ర వేసింది. మూడోదాని దగ్గర 'అసలుతో' అనేసరికి కుంచె ఆరిపోయింది. మళ్ళీ బాగా ముంచింది. 'సరి' అన్న రెండక్షరాలు దట్టంగా పడ్డాయి.

భాద్రపదం వెళుతుండగా మండలి ప్రాంగణంలో తనిఖీ పెట్టారు. దానికి డైరెక్టరు డాక్టర్ హేమాంగదరావు గారే స్వయంగా వచ్చారు. ఎడ్లబండి ఇరుసు మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న పండితుడు. ఆయనకు కారు నడపడం రాదు. నడపడం వస్తే కార్ల మీద పక్షపాతం కలుగుతుందని నేర్చుకోలేదు.

నాలుగు బళ్ళూ ఎండలో వరసగా మెరుస్తున్నాయి. నాంచారమ్మ కూడా వచ్చి గోడ నీడన నిలబడింది. డైరెక్టరు గారు ఒక్కొక్క బానెట్ దగ్గరా ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని, పచ్చ అక్షరాలు చదివి తల పంకించారు. నాలుగోదాని దగ్గర ఆగిపోయారు.

"దీనిపై ధ్రువీకరణ ఏది?"

"అది అసలండీ," అన్నాడు సత్యలింగం. "అసలు మీద ఎవరు సంతకం పెడతారండీ."

"ఆ మూడును అసలుతో సరిపోయినవని ప్రభుత్వాధికారి లిఖితపూర్వకముగా తెలిపినారు. ఇది దేనితో సరిపోయినదని ఎవరు తెలిపినారు?"

"ఇది దేంతో సరిపోవాలండీ? అవే దీంతో సరిపోవాలి."

"అది మీ నోటిమాట. దస్త్రములో లేదు."

"నంబర్లు చూడండయ్యా. ఇంజనుది, చాసిస్‌ది."

"చూచితిని. నాలుగింటికీ అవే నంబర్లు. మీరే శ్రద్ధగా కొట్టినారు." డైరెక్టరు గారు మెచ్చుకోలుగా అన్నారు.

సత్యలింగం చుట్టూ చూశాడు. గోడ దగ్గర నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆమెను చూడగానే ఆయనకు ధైర్యం వచ్చింది.

"అయ్యా, ఒక గుర్తుంది. ఎవరికీ తెలీదు. నలభై రెండేళ్ళ కిందట నేనే గీకాను. ఎడమ ముందు చక్రం పైన, లోపల. అసలుదానికి ఒక్కదానికే ఉంది. నకళ్ళకి నేను గీకలేదు. కావాలంటే చూసుకోండి."

పరాంకుశం గారు అద్దం, టార్చీ తెప్పించారు. నాలుగు బళ్ళ కిందా వంగి వంగి చూశారు. లేచి, మోకాళ్ళు దులుపుకుని, డైరెక్టరు గారి చెవిలో చెప్పారు. సత్యలింగం మొహం వెలిగిపోయింది. ఇక అయిపోయింది, గెలిచేశాననుకున్నాడు.

డైరెక్టరు గారు గొంతు సవరించుకున్నారు.

"మొదటి మూడు వాహనములును పరస్పరము పూర్తిగా ఏకీభవించుచున్నవి. నాలుగవది రెండక్షరముల మేరకు విభేదించుచున్నది. పైగా దానిపై ధ్రువీకరణయును లేదు. మూడు ఒక తీరుగా ఉండి ఒకటి వేరుగా ఉన్నప్పుడు, తప్పు దేనిలో ఉన్నట్లు?"

పరాంకుశం గారు రిజిస్టరు తెరిచారు.

"కావున మొదటి మూడింటిని వాస్తవికమైనవిగా నిర్ధారించడమైనది. ఒకటి కార్యాలయ ప్రతిగా ఉంచుకొనబడును. ఒకటి రాజధానికి పంపబడును. మూడవది దరఖాస్తుదారునకు ధ్రువపత్రముతో తిరిగి ఇవ్వబడును. నాలుగవది, కోరకుండ సమర్పించబడిన అదనపు నకలు. పదకొండవ నిబంధన ప్రకారము అదనపు నకళ్ళను చించివేయవలెను."

"కారుని చించడమేంటండీ?" సత్యలింగం బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"యంత్రము ద్వారా," అన్నారు పరాంకుశం గారు. "దసరాకు రెండు రోజుల ముందు మా లారీ మీ షెడ్డుకు వచ్చును. తుక్కు యంత్రము వద్దకు తీసుకొనిపోబడును. నేనే సాక్షిగా వత్తును."

కార్యాలయ ప్రతికి ఆ సాయంత్రమే ఎడమవైపు పై మూలన చిల్లు పొడిచి ట్యాగు కట్టారు.

చక్రవర్తికి ఫోను చేస్తే అతను తేల్చేశాడు. "నాకేం తెలుసు బాబాయ్, పొగాకు అమ్ముకునేవాణ్ణి. మండలివాళ్ళు ఏది కారంటే అదే కారు. మీ ధ్రువపత్రం బండికి సంతకం పెట్టేస్తాను, తీసుకోండి. చించేసేది మాత్రం నన్ను చూడమనకండి, తాతయ్య గుర్తొస్తాడు."

ఇప్పుడు షెడ్డులో రెండు బళ్ళున్నాయి. ఒకటి మండలి చెప్పిన బండి, ఒకటి బండి. సత్యలింగం మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. బండి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. మూడోరోజు మధ్యాహ్నం నాంచారమ్మ క్యారేజీ తీసుకుని షెడ్డుకి వచ్చింది. రెండు బళ్ళనూ చూసింది. ఒకదాని మీద పచ్చ అక్షరాలు, ఒకదాని మీద లేవు. అంతకుమించి తేడా లేదు.

"ఈ బానెట్‌కి బోల్టులెన్ని?" అంది.

సత్యలింగం తలెత్తి చూశాడు. విషయం అర్థమై అడ్డంగా తల ఊపాడు. "వద్దే. ఒక్క రేకు కూడా మారని బండి. దేశంలో ఇంకోటి లేదు. నా చేత్తో నేను దానికి దొంగ బానెట్ వెయ్యమంటావా?"

"ఏం, నువ్వు చేసిందేగా. దొంగదెట్టా అవుద్ది?"

"కంపెనీది కాదే."

"నీకు నిరుడు పళ్ళు కట్టించాక, వేరే మొగుడొచ్చాడని నేను ఇంట్లోంచి పోయానా?"

సత్యలింగం నాలుకతో కట్టుడు పళ్ళు తడుముకున్నాడు. ఆ తర్వాత లేచి పానా తీసుకున్నాడు. రెండు వైపులా కలిపి నాలుగు బోల్టులు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఒక బానెట్ దించారు, రెండోది దించారు, మార్చి బిగించారు. ఆయన చేసిన బానెట్ గీత తేడా లేకుండా అతికింది. దానికి సంతోషించాలో ఏడవాలో ఆయనకు తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం చేశాడు.

చెప్పిన రోజుకి లారీ వచ్చింది. పరాంకుశం గారు దిగి, పచ్చ అక్షరాలున్న బండిని చూసి తల ఊపి, అక్షరాలు లేనిదాని దగ్గరకెళ్ళి రిజిస్టరులో టిక్కు పెట్టుకున్నారు. దాని మడ్‌గార్డు కింద చూస్తారేమోనని సత్యలింగం ఆ చక్రం దగ్గరే నిలబడ్డాడు. చూడలేదు. సంతకం లేదని కళ్ళెదురుగా కనబడుతుంటే ఇంకా వంగి చూడమని ఏ నిబంధనా చెప్పదు. నకలు లారీ ఎక్కింది. అమెరికాలో పుట్టిన బానెట్ దాని మీద ఎండకి మెరుస్తూ వెళ్ళిపోయింది. సత్యలింగం దానికి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. పరాంకుశం గారు తనకే అనుకుని తిరిగి నమస్కారం చేశారు.

దసరా రోజున నాంచారమ్మ పట్టుచీర కట్టుకుంది. సత్యలింగం పెట్రోలు ట్యాంకు నోటిదాకా నింపించి, మూత తీసి మూడుసార్లు చూసుకున్నాడు. బండి స్టార్టు చేస్తే వీధిలో గిన్నెలు కదిలాయి. ధ్రువపత్రం జేబులో ఉంది. 'ఈ వాహనము అసలు వాహనమునకు నిజమైన నకలు అయినందున వాస్తవికమైనదిగా నిర్ధారించడమైనది' అని దాని మీద ఉంది. ఎవరైనా ఆపితే అది చూపించి, బానెట్ మీది అక్షరాలు చూపించాలి. రెండూ కలిస్తేనే చెల్లుతుంది.

బ్యారేజీ ఎక్కారు. కృష్ణ నిండుగా ఉంది. స్టీరింగు ఎడమవైపు కావడంతో నాంచారమ్మ కుడిపక్క, నీళ్ళు నిండిన వైపు కూర్చుని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలి పట్టుకుంటోంది. సరిగ్గా సగం దూరం వచ్చేసరికి టపటపా చినుకులు పడ్డాయి. సత్యలింగం కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది.

"ఏం చేస్తున్నావు?"

"సంతకం తడుస్తుందే. వెనక సీట్లో పట్టా ఉంది, దిగి కప్పుతాను. ఆ సిరా పోతే ఇది మళ్ళీ అదనపు నకలు అయిపోద్ది. ఈసారి దీన్నే చించుతారు."

"చూడయ్యా," అంది నాంచారమ్మ. గొంతు పెంచలేదు. "ఇక్కడే. సరిగ్గా ఇక్కడే ఆగింది ఆ రోజు. మళ్ళీ ఇక్కడ ఆపావంటే, నేను దిగి ఇంటికి నడిచిపోతాను. జన్మలో నీ బండెక్కను."

సత్యలింగం ఒకసారి బానెట్ వైపు చూశాడు, ఒకసారి పెళ్ళాం వైపు చూశాడు. కాలు బ్రేకు మీదనుంచి తీసి యాక్సిలేటరు మీద పెట్టాడు. ఎనిమిది సిలిండర్లూ ఒక్కసారి పలికాయి. వాన జోరందుకుంది. బానెట్ మీదినుంచి పచ్చనీళ్ళు గాలికి వెనక్కి ఎగిరి అద్దం మీద పడుతున్నాయి, వైపర్లు వాటిని ఇటూ అటూ పూస్తున్నాయి. డాక్టరమ్మ సంతకం పోయింది. గుండ్రటి ముద్ర పోయింది. సత్యలింగం ఆగలేదు. నాంచారమ్మ నవ్వుతూనే ఉంది, పెళ్ళయిన పదకొండో రోజున నవ్వినట్టు.

అవతలి గట్టున, సీతానగరంలో, టీకొట్టు రేకుల పందిరి కింద బండి ఆపాడు. దిగి, భయంభయంగా ముందుకెళ్ళి బానెట్ చూశాడు. కుడి మూలన పచ్చటి మరక. దాని మధ్యలో, కుంచె దట్టంగా పడినచోట, రెండక్షరాలు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి.

నాంచారమ్మ చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని దిగి వచ్చింది. "ఏమన్నా మిగిలిందా?"

"రెండు ముక్కలు మిగిలినయి."

"ఏవంటా?"

"సరి."

నాంచారమ్మ వంగి, ఆ అక్షరాలను వేలితో చూపించుకుంటూ చదువుకుంది. వెనక్కి తిరిగి, తాము దాటొచ్చిన వంతెన ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసింది.

"సరి," అంది. "టీ చెప్పు."